‘ట్రాన్సా’ వెలి ఇచ్చిన వరం కాదు

బ్రెజిల్ గాయకుడు కాయెతానో వెలోజో ఆల్బం ‘ట్రాన్సా’ను మెచ్చుకునేవాళ్లలో చాలామంది ఒక మాట అంటుంటారు. బ్రెజిల్ సైనిక ప్రభుత్వం ఆయన్ను తరిమేయకపోతే ఈ ఆల్బం పుట్టేదే కాదట. మెచ్చుకోలుగానే అంటారు. కానీ ఆ మాటతో జైల్లో పెట్టినవాళ్లకూ కీర్తిలో వాటా ఇచ్చేస్తున్నారు.

1968 డిసెంబర్‌లో అరెస్టు, రెండు నెలల జైలు, బ్రెజిల్‌లోని బహియా రాష్ట్ర రాజధాని సాల్వడార్‌లో నిర్బంధం, 1969లో తోటి గాయకుడు జిల్బెర్తో జిల్‌తో కలిసి లండన్‌కు. ఇదంతా తెలిసిందే. అయితే లండన్‌లో ఆయన చేసిన మొదటి ఆల్బం ట్రాన్సా కాదు. 1971లో ఆయన పేరుతోనే ఇంకొకటి వచ్చింది. ఎక్కువగా ఇంగ్లిష్ పాటలు, అట్ట మీద చలికోటులో దిగాలు ముఖం, పాటల నిండా గుబులు. వెలివేత తనంతట తాను ఇవ్వగలిగింది ఆ దిగులే.

అదే ఊరు, అదే వెలి, అదే మనిషి. మరి 1972 నాటి ట్రాన్సాలో ఆ ఊపు ఎక్కడిది? మనుషులు వచ్చారు! వెలోజో కబురు పెడితే జార్డ్స్ మకాలే బ్రెజిల్ నుంచి గిటార్‌తో దిగాడు. డ్రమ్స్‌కు తుతీ మొరేనో, బేస్‌కు మొఆసీర్ అల్బుకెర్క్, తాళవాద్యాలకు ఆవురియో ది సౌజా. నలుగురూ ఒకే గదిలో కూర్చుని వాయించినట్టే ఉంటుంది రికార్డు.

ట్రాన్సాలోని ‘ట్రిస్తె బహియా’ వినండి. దాదాపు పది నిమిషాల పాట. పదిహేడో శతాబ్దపు బహియా కవి గ్రెగోరియో ది మాతోస్ పద్యంతో నెమ్మదిగా మొదలై, కపోయెరా అనే బ్రెజిల్ యుద్ధకళ పాటల్లోకి జారి, దరువు మీద దరువు పెరిగి చివరికి ఊపిరి సలపనివ్వదు. ఆ కవినీ 1694లో అంగోలాకు వెళ్లగొట్టారు. ఒకరి కాలు ఎప్పుడు వేగం పెంచుతుందో ఇంకొకరికి చెప్పకుండానే తెలిసినవాళ్లు మాత్రమే ఈ పాట వాయించగలరు. ఆ ఎరుక చిన్నప్పటి నుంచి విన్న పాటల్లోంచి వచ్చింది. ఏ సైనికాధికారీ ఇచ్చింది కాదు.

లండన్ లేకపోతే అక్కడి పోర్టొబెల్లో రోడ్డులో జమైకా సంగీతం రెగె వినేవాడా అంటారు. వినేవాడు కాదేమో, ఒప్పుకుంటాను. కానీ అది ఊరి గొప్ప. టికెట్ కొనుక్కుని వెళ్లినవాడి చెవికీ అదే రెగె వినపడేది.

అసలు నా బాధ ఒక్క రికార్డుతో తీరేది కాదు. కష్టాలు పడితేనే కళ పండుతుందన్న నమ్మకం ఎంతమంది కళాకారుల కడుపు మాడ్చిందో! పాటకు డబ్బు ఎగ్గొట్టేవాడికీ, కవిని జైల్లో వేసేవాడికీ ఆ నమ్మకమే అండ. తొక్కితే మంచి పాట వస్తుందనుకుంటే, తొక్కినందుకు ఎవరికి సిగ్గు వేస్తుంది?

1972లో ట్రాన్సా అట్టను మడిస్తే బొమ్మలా నిలబడేలా తయారు చేశారు. అంత ముచ్చటపడి చేసిన ఆ అట్ట మీద వాయించినవాళ్ల పేర్లే వేయలేదు. మకాలే నొచ్చుకున్నాడు, నొచ్చుకోడా మరి! ఇన్నేళ్లుగా ఆ ఖాళీలో మనం జనరళ్ల పేర్లు రాస్తున్నాం.