రెండు పెద్దదా, పన్నెండు పెద్దదా?

ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటావా, బ్యాంకులో పన్నెండు శాతానికి తెచ్చుకుంటావా అని అడిగితే, 'రెండే మేలు గదా' అని తడుముకోకుండా చెప్పేవాళ్ళు మన పొదుపు సంఘాల్లో తగులుతూనే ఉంటారు. ఊరి వడ్డీ నూటికి నెలకు రెండు. బ్యాంకుది నూటికి ఏడాదికి పన్నెండు. లక్ష అప్పు మీద ఏడాది తిరిగేసరికి ఒకచోట 24 వేలు, రెండోచోట 12 వేలు. రెండే మేలన్న ఆమెకు లెక్క రాక కాదు. మూర ఇంతని మల్లెపూలు అమ్మేటప్పుడు ఆమె చెప్పే చిల్లర లెక్క మనం ఫోను తీసి చూసుకునేలోపే అయిపోతుంది. 'శాతం' అనే మాటకు అర్థం ఇదీ అని ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, అంతే.

వయోజన విద్య అనగానే మన అధికారులకు ముందు గుర్తొచ్చేది సంతకం. వేలిముద్ర పోయి సంతకం వస్తే పని అయిపోయినట్టే. 2011 జనగణనలో ఉమ్మడి చిత్తూరు జిల్లా అక్షరాస్యత 71.53 శాతం. మగవారిలో దాదాపు 80, ఆడవారిలో 63. ఏడేళ్ళు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వస్తే జనగణన లెక్కలో అక్షరాస్యులే. అందులో అంకెల ఊసు లేదు.

2022లో మొదలై 2027 దాకా సాగాల్సిన కేంద్ర వయోజన విద్యా పథకం 'ఉల్లాస్' ఈ లోటును కాగితం మీదైనా గుర్తించింది. పదిహేనేళ్ళు దాటినవారికి పెట్టే పరీక్షలో 150 మార్కులుంటే చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. మంచిదే. చెప్పేవాళ్ళు మాత్రం జీతం లేని స్వచ్ఛంద సేవకులు. అంతకుముందటి వయోజన విద్యా పథకం సాక్షర భారత్‌లో, ఊళ్ళో అక్షర కేంద్రం నడిపే ప్రేరక్‌కు నెలకు రెండు వేల రూపాయల గౌరవ వేతనమైనా ఉండేది. 2018 మార్చితో ఆ పథకం ముగిసింది, ప్రేరక్‌లు ఇళ్ళకు పోయారు. పగలంతా పనిచేసి రాత్రి ఉచితంగా పాఠం చెప్పేవాళ్ళు ఎన్నాళ్ళు చెబుతారు?

ఏం చెప్పాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మన పల్లెల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలకేంద్రంలో చేతికొచ్చే చీటీ చూడండి. లీటర్లు, ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే గట్టి పదార్థాల శాతం), రేటు, మొత్తం. ఆవు పాలలో ఫ్యాట్ 3.5 ఉంటే ఒక రేటు, 4.1 ఉంటే మరొకటి. ఆ చుక్క ఎందుకుందో, దాని తర్వాతి అంకె మారితే తన బిల్లు ఎంత మారుతుందో పాలు పోసే మనిషికి తెలియాలి. 'అల, వల, తల' దగ్గర మొదలుపెట్టే పాఠం కంటే ఈ చీటీ దగ్గర మొదలయ్యే పాఠానికి జనం వస్తారని మా నమ్మకం. మామిడి కాటా రసీదు, పొదుపు పాస్‌పుస్తకం, మందుల చీటీ... పాఠ్యపుస్తకం ఇంట్లోనే ఉంది. బతుకులోంచి తీసిన పాఠానికి ఎంత బలముందో పక్క నెల్లూరు జిల్లా చూపించింది. దూబగుంటలో అక్షర కేంద్రానికి వచ్చిన ఆడవాళ్ళే 1992లో సారా మీద తిరగబడ్డారు, మరుసటి ఏడాది రాష్ట్రమంతా సారా ఆగింది.

వేళలు కూడా మార్చుకోవాలి. తోతాపురి మామిడి కోతల రోజుల్లో, జూన్, జులైలలో తోటలకు పోయినవాళ్ళను రాత్రి బడికి రమ్మంటే ఎవరొస్తారు? తిరుపతి లాడ్జీల్లో గదులు తుడిచే ఆడవాళ్ళకు దొరికే తీరిక మధ్యాహ్నమే. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళకు తెలుగు వాచకం ఇచ్చి 'నేర్చుకోండి' అనడం వాళ్ళ పనిని రెట్టింపు చేయడమే. మన విశ్వవిద్యాలయాలు స్థానిక పాఠాలు రాయించే పని తలకెత్తుకోవచ్చు. చెప్పేవాళ్ళకు ప్రభుత్వం ఎంతో కొంత ముట్టజెప్పక తప్పదు.

ఒక పనికి మాత్రం పథకమూ బడ్జెట్టూ అక్కర్లేదు. చాలాచోట్ల పాల చీటీ మీద అచ్చయ్యేవన్నీ ఇంగ్లీషు పొట్టి మాటలే. 'వెన్న శాతం', 'లీటరు ధర', 'మీకు రావలసింది' అని తెలుగులో అచ్చు వేయమని కలెక్టర్లు డెయిరీలకు చెబితే సరిపోతుంది. రేపటి పొద్దుటి పాల వేళకే చెప్పొచ్చు.