తెలుగులో తొలి విమర్శకురాలు బెంగళూరు నాగరత్నమ్మే

తమిళనాడులోని తిరువయ్యారు పేరెత్తితే బెంగళూరు నాగరత్నమ్మ గుర్తొస్తారు. త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించారని, ఆరాధనోత్సవాల్లో ఆడవాళ్లను పాడనివ్వని రోజుల్లో వాళ్లకోసం వేరే గోష్ఠి నడిపారని సంగీతం తెలిసినవాళ్లంతా చెబుతారు. నిజమే. కానీ అంతకు ముందే, 1910లో, ఆమె ఇంకో పెద్ద పని చేశారు. ఒక పుస్తకాన్ని శ్రద్ధగా చదివి, దానిమీద ఆ కాలపు మహాపండితుడు ఇచ్చిన తీర్పును అచ్చులో నిలదీశారు. తెలుగులో పుస్తక విమర్శ చేసిన ఆడవాళ్ల జాబితా ఎవరు రాసినా మొదటి పేరు ఆమెదే కావాలి.

ఆ పుస్తకం ముద్దుపళని అనే కవయిత్రిది. ఆమె సంగతి చాలామందికి తెలిసిందే. 18వ శతాబ్దం, తంజావూరులో ప్రతాపసింహుడి కొలువు, 584 పద్యాల 'రాధికా సాంత్వనం'. తాను పెంచిన ఇళాదేవిని కృష్ణుడికిచ్చి పెళ్లిచేసిన రాధ ఆ తర్వాత ఈర్ష్యతో కుమిలిపోతుంటే, కృష్ణుడు వచ్చి బతిమాలుకోవడం అందులో కథ. 'ఆంధ్ర కవుల చరిత్రము'లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఈ కావ్యంలో ఆడవాళ్లు వినకూడని, ఆడవాళ్ల నోట రాకూడని పద్యాలున్నాయని తేల్చేశారు. పంతులుగారు తేల్చాక మళ్లీ తిరగదోడే మనిషెవరు?

నాగరత్నమ్మ తిరగదోడారు. ఆమె ధైర్యం గురించి అందరూ మాట్లాడతారు గానీ నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆమె పద్ధతి. ముందు 1887 నాటి అచ్చు ప్రతి సంపాదించారు. పైడిపాటి వెంకటనరసు పరిష్కరించినది అది. తర్వాత రాతప్రతి దొరికితే రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. అచ్చులో కొన్ని పద్యాలు మాయం. కావ్యం మొదట్లో ఉండే అవతారికే లేదు. ముద్దుపళని తన వంశం గురించీ తన పాండిత్యం గురించీ చెప్పుకున్నది అక్కడే. బూతు ఉందని పద్యాలు తీసేశారంటే ఏదో అనుకోవచ్చు. రాసింది ఎవరో చెప్పే భాగంలో ఏం బూతు ఉందని?

అప్పుడు పూర్తి పాఠాన్ని సిద్ధం చేసి, పీఠిక రాసి, వావిళ్లవారి చేత అచ్చు వేయించారు. ఎన్నిసార్లు చదివినా మళ్లీ చదవాలనిపించిన కావ్యమని ఆ పీఠికలో చెప్పారు. రాసింది స్త్రీ అని మాత్రమే కాదు, తమ దేవదాసీ కులంలో పుట్టిన మనిషి కాబట్టి కూడా వెలుగులోకి తేవాలనుకున్నానని దాపరికం లేకుండా రాశారు. ఏ అరుగుమీద కూర్చుని మాట్లాడుతున్నారో చెప్పి మాట్లాడే విమర్శకులు ఈ రోజుకీ తక్కువే. ఆ తర్వాత అసలు దెబ్బ కొట్టారు. సిగ్గూ మర్యాదా ఆడవాళ్లకేనా, మగకవులకు అక్కర్లేదా అని అడిగారు. పంతులుగారు తామే చూసి సమ్మతించిన, మగకవి రాసిన 'వైజయంతీ విలాసం'లో ఇంతకన్నా మోటు శృంగారం లేదా అని ఉదాహరణతో సహా నిలదీశారు. మూలపాఠం, పోలిక, ప్రమాణం మూడూ అందులో ఉన్నాయి. విమర్శకు ఇంకేం కావాలి? మరుసటి ఏడాదే పోలీసులు ప్రతులు జప్తు చేశారు. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పూనికతో గానీ నిషేధం తొలగలేదు.

ఒక పీఠికతో విమర్శకురాలు అయిపోతారా, ఆమె చేసింది పరిష్కరణే కదా అంటారు కొందరు. వితంతు వివాహాలు జరిపించిన వీరేశలింగంగారిని ఇలా దోషిగా నిలబెట్టడం అన్యాయమనీ అంటారు. పంతులుగారి సేవను నేను కాదనను, ఆమె కూడా ఆయన్ను చదివే మాట్లాడారు. ఇక పీఠికల సంగతి: మన పెద్ద విమర్శకుల్లో ఎందరి పేరు పీఠికల మీద నిలబడలేదు?

తిరుపతిలో ఉంటూ ఇదంతా తలచుకుంటే మన తరిగొండ వెంగమాంబ గుర్తుకు రాక మానదు. ముద్దుపళనిదీ ఈమెదీ ఒకే శతాబ్దం. తిరుమలలో రోజూ ఏకాంతసేవలో ఆమె ముత్యాలహారతి ఉంటుంది, అన్నప్రసాద భవనానికి ఆమె పేరుంది, టీటీడీ ఆమె రచనలు అచ్చు వేసింది. గౌరవానికి లోటు లేదు. ఆమె రచనల్ని చదివేవాళ్లకే కరువు. 'గోపికా నాటకం', 'జలక్రీడా విలాసం', 'చెంచు నాటకం' రాసిన కవయిత్రి ఆమె. పేర్లు చూస్తేనే తెలుస్తుంది, అందులో శృంగారం ఎంత చోటు అడుగుతుందో. మొదటి రెండింట్లో ఆ కృష్ణుడే, ఆ గోపికలే. తంజావూరు కొలువులో రాస్తే బూతైంది, కొండమీద రాస్తే భక్తి అయింది. ఒకామెను తిట్టి పక్కన పెట్టాం, ఇంకొకామెకు దండం పెట్టి పక్కన పెట్టాం. ఎవరి పద్యం ఎలా నడుస్తుంది, ఎవరి రాధ ఎలా మాట్లాడుతుంది అని ఇద్దర్నీ ఎదురెదురుగా పెట్టి చూద్దామంటే మాత్రం అందరికీ మొహమాటమే.

ఈ మొహమాటమే మన సాహిత్య సభల్నీ తినేస్తోంది. ఈ ఊళ్లో పుస్తకావిష్కరణలకు కొదవ లేదు. శాలువాలు కప్పుతారు, ఫొటోలు దిగుతారు, వక్తలు వేదికమీదే పుస్తకం తిరగేస్తూ మాట్లాడతారు. పుస్తకం బాగాలేదని చెప్పే వక్తను మళ్లీ పిలవరు కాబట్టి ఎవరూ చెప్పరు. ఆడవాళ్లను పిలిస్తే ఆడవాళ్ల పుస్తకం మీదే మాట్లాడమంటారు. మగవాళ్ల నవల మీద తీర్పు చెప్పమని ఒక రచయిత్రిని పిలిచిన సభ ఏదో నిర్వాహకులు నాకు చూపించాలి. నాగరత్నమ్మ వందేళ్ల కిందట చేసింది అదే కదా, మగపండితుడి పుస్తకం మీద తీర్పు!

1983 నుంచి మనకు శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. 'ఒక పరిశీలన' అనే తోకతో సిద్ధాంత గ్రంథాలు ఏటా వస్తూనే ఉంటాయి. తెలుగు ఎమ్మేలో ఒక పేపరు పెట్టి చూడండి. 'రాధికా సాంత్వనం', 'జలక్రీడా విలాసం', వాటికి ముందు 1910 నాటి ఆ పీఠిక. పిల్లలు పాడైపోతారని ఎవరైనా అంటే, పీఠికలో వాళ్లకూ జవాబు ఉంది.