మోకాళ్ల పర్వతం మీద ఐస్ హాకీ

తిరుపతిలో కూర్చుని ఐస్ హాకీ గురించి రాసే అర్హత నీకెక్కడిదని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు అడిగారు. మంచుతో మాకు ఏ సంబంధమూ లేకపోవడమే మా అర్హత. మే నెలలో లీలామహల్ సెంటర్ దగ్గర చెరుకురసం గ్లాసులో తేలే గడ్డ తప్ప ఈ ఊరు వేరే ఐసు ఎరగదు. పక్షపాతం లేని తీర్పు కావాలంటే ఇంతకన్నా తగిన ఊరు ఎక్కడ దొరుకుతుంది? అదే మామూలు మైదానపు హాకీ అయితే మేం నోరు మెదపకూడదు. భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన ఇ. రజని మా ఉమ్మడి చిత్తూరు జిల్లా పిల్ల.

ఇక విషయానికొద్దాం: ఆటలు తగ్గిన సీజన్ ముసలి జట్లకు మేలా, కీడా? ఉత్తర అమెరికాలో ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్) అని ఒక ఐస్ హాకీ లీగ్ ఉంది. యజమానులకూ ఆటగాళ్లకూ డబ్బు పంపకాల దగ్గర చెడితే యజమానులు గేటుకు తాళం వేసేస్తారు. 2012-13లో అలా పడిన తాళం జనవరిలో గానీ ఊడలేదు. జట్టుకు 82 ఆటలుండాల్సిన సీజన్ 48కి కుదించుకుపోయింది. 1994-95లో కూడా ఇలాగే 48తో సరిపెట్టారు. 2004-05లో అసలు సీజనే లేదు. ఆ ఏడాది ముసలి జట్లేవీ ఒక్క ఆటా ఓడిపోలేదన్నది గమనార్హం.

మరి సీజన్ కురచైతే వయసు మళ్లిన జట్టుకు లాభమా, నష్టమా? యూనివర్సిటీ గ్రౌండ్‌లో తెల్లవారుజామున నడిచే మా రిటైర్డ్ పెద్దలు దీన్ని మూడు రౌండ్లలో తేల్చేశారు. మూడు రౌండ్లంటే నడక కాదు, టీ. "లాభమే సామీ! ముప్పై నాలుగు ఆటల నొప్పులు మిగిలినట్టే కదా!" అన్నారు ఒకాయన. తీర్మానం ఏకగ్రీవం. ఓటేసినవాళ్లలో మోకాలికి పట్టీ లేనివాళ్లు ఒక్కరూ లేరు కాబట్టి ఇది నిపుణుల అభిప్రాయమే.

నాకు మాత్రం శ్రీవారి మెట్టు గుర్తొచ్చింది. అలిపిరి నుంచి కొండెక్కాలంటే 3550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. శ్రీవారి మెట్టు నుంచి 2388 మెట్లే, దూరం రెండు కిలోమీటర్లకు కాస్త పైన. మెట్లు తక్కువ కదా అని సంబరంగా శ్రీనివాస మంగాపురం వైపు ఆటో ఎక్కే పెద్దలను చూడండి, ఆ తర్వాత పైనుంచి వాళ్లను దింపుకొచ్చే బస్సులో చూడండి. అలిపిరి దారి మొదట్లో నిటారుగా ఉన్నా మధ్యలో చదునుగా సాగి ఊపిరి తీసుకోనిస్తుంది, మోకాళ్ల పర్వతమనే నిటారు మెట్లు వచ్చేదాకా మర్యాదగానే ఉంటుంది. రెండో దారికి అంత ఓపిక లేదు, మొదటి నుంచీ నిటారే.

2013లో జరిగిందీ ఇదే. అప్పట్లో మామూలుగా 82 ఆటలు ఆరు నెలలకు పైగా సాగేవి. ఆ ఏడు 48 ఆటల్ని వంద రోజుల్లోపు కుక్కేశారు. ఆ వేగంతో ఆరు నెలలు ఆడితే 90 దాకా తేలేవి. అంటే తగ్గింది ఆటల సంఖ్యే గానీ ఆటకూ ఆటకూ మధ్య విశ్రాంతి పెరగలేదు, ఇంకా తరిగింది. పైగా సన్నాహక శిబిరం వారం మాత్రమే, ప్రాక్టీస్ మ్యాచులు సున్నా. నలభై దాటినవాడికి కుర్చీలోంచి లేవడానికే వార్మప్ కావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. పొడవాటి సీజన్‌లో నవంబరులో తడబడినా మార్చికి పుంజుకోవచ్చు. 48 ఆటల్లో వరుసగా నాలుగు పోయాయంటే తేరుకునే వ్యవధి ఉండదు.

సాక్ష్యాలు చూద్దాం. నలభై ఏళ్ల గోల్‌కీపర్ మార్టిన్ బ్రొడూర్‌ను నమ్ముకున్న న్యూజెర్సీ జట్టు ప్లేఆఫ్స్‌కే రాలేదు (సీజన్ అయ్యాక కప్పు కోసం జరిగే పోటీలివి, ఒక్కో రౌండ్‌లో ఏడు ఆటల్లో ముందుగా నాలుగు గెలిచినవాళ్లదే పైచేయి). నలభై రెండేళ్ల ఆటగాడు టేము సెలానె ఉన్న అనహైమ్ జట్టు బ్రహ్మాండంగా ఆడి మొదటి రౌండ్ ఏడో ఆటలో ఇంటికెళ్లింది. పిట్స్‌బర్గ్ వాళ్లు అనుభవం ఉంటే చాలని సీజన్ మధ్యలో జెరోమ్ ఇగిన్లా లాంటి పెద్దలను ఏరికోరి తెచ్చుకున్నారు. బోస్టన్ మీద నాలుగు ఆటల్లో కలిపి రెండు గోల్స్ కొట్టి నాలుగూ ఓడారు.

ఆ బోస్టన్‌లో నలభై ఒకటేళ్ల యారోమిర్ యాగర్ ఉన్నాడు. ఈయన తెలివైనవాడు. తాళం పడిన నెలల్లో సోఫాలో కూర్చోకుండా చెక్ దేశంలో సొంత క్లబ్ క్లాద్నోకు ఆడి ఒళ్లు వేడిగా ఉంచుకున్నాడు. అయినా ప్లేఆఫ్స్‌లో 22 ఆటలాడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. పదిసార్లు పక్కవాళ్ల చేత కొట్టించాడు. పనిచేయడం మానేసి పని చేయించడం మొదలుపెట్టడమే పెద్దరికమని మావాళ్లు దీనికి చప్పట్లు కొట్టారు. చివరికి ఫైనల్ ఆరో ఆటలో బోస్టన్ గెలుపు అంచున ఉండగా షికాగో 17 సెకన్లలో రెండు గోల్స్ కొట్టి కప్పు ఎత్తుకుపోయింది. పదిహేడు సెకన్లంటే మా గ్రౌండ్‌లో ఒకరు కళ్లద్దాలు తుడుచుకునే సమయం. ఆ షికాగో ఆ సీజన్‌ను ఎలా మొదలెట్టిందో తెలుసా? మొదటి 24 ఆటల్లో నిర్ణీత సమయంలో ఒక్క ఓటమీ లేదు. కప్పు ఎత్తేనాటికి కెప్టెన్‌కు పాతికేళ్లే!

ఇవన్నీ మా పెద్దల ముందు పెట్టాను. ఎవరూ చలించలేదు. నాకు మెల్లగా అర్థమైందేమిటంటే, ముసలి జట్టు గెలిస్తే "ఆటలు తక్కువ కదా, అలసిపోలేదు" అంటారు. ఓడితే "ఆటలు తక్కువ కదా, కుదురుకోలేదు" అంటారు. ఈ సిద్ధాంతాన్ని ఓడించే స్కోరు ఇంతవరకు ఏ లీగ్‌లోనూ నమోదు కాలేదు. టీవీల్లో విశ్లేషణ చేసేవాళ్లు దీని మీదే బతుకుతున్నారని నా అనుమానం.

చివరికి సవరించిన తీర్మానం ఆమోదం పొందింది. ఆటలు 48, వాటికి వ్యవధి 82 ఆటలంత, ముందు నెల రోజుల శిబిరం, ఆటకూ ఆటకూ మధ్య మూడు రోజుల సెలవు, నలభై దాటినవాళ్ల గోల్‌ను ఒకటిన్నరగా లెక్కించడం. కాపీని న్యూయార్క్‌లోని లీగ్ ఆఫీసుకు పంపాలని కూడా నిర్ణయమైంది. కొరియర్ ఆఫీసు రెండో అంతస్తులో ఉందని, లిఫ్టు పనిచేయడం లేదని తెలియడంతో ఆ అంశాన్ని వచ్చే సీజన్‌కు వాయిదా వేశారు.