అసలు స్టిక్కరు, కొసరు స్టిక్కరు

రైతుబజారులో కిలో వంకాయలు కొంటే గుప్పెడు కరివేపాకు కొసరు వేస్తారు. డాలస్‌లో కారు కొంటే ఆ కొసరు మనమే ఇచ్చుకోవాలి.

అద్దానికి అంటించి ఉండేది అసలు స్టిక్కరు. 1958 నాటి చట్టం ప్రకారం ప్రతి కొత్త కారుకూ అది ఉండాల్సిందే, కొన్నవాడు తప్ప ఎవరూ పీకకూడదు. మూలధర, అదనపు హంగులు, రవాణా ఛార్జీ, అడుగున మొత్తం. (ఆ రవాణాకీ దూరానికీ సంబంధం లేదు. ఫ్యాక్టరీ ఎదురింట్లో కాపురమున్నా అంతే.) ఆ మొత్తం కంపెనీ సూచించిన ధరే కానీ శిలాశాసనం కాదు కాబట్టి, మనవాడు చొక్కా చేతులు మడిచాడు. గంటన్నర వాదించి, రెండుసార్లు అలిగి పార్కింగ్ దాకా వెళ్లొచ్చి, వెయ్యి డాలర్లు తగ్గించాడు.

"ఏమండీ, టైర్లలో నైట్రోజన్‌కి 199 అట. మామూలు గాలిలో 78 శాతం అదేగా?"

"ఉండు, బేరం మధ్యలో మాట్లాడకు."

ఆవిడ చదువుతున్నది పక్కనున్న డీలరు స్టిక్కరు. చూడ్డానికి అసలుదానికి తోడబుట్టినట్టే ఉంటుంది. చక్రాల లాక్ నట్లు 149, తలుపు అంచులకు పట్టీలు 199, పెయింటుకూ సీట్లకూ పూత 899. నైట్రోజన్‌తో కలిపి 1,446. వెయ్యి తగ్గించిన వీరుడు అసలు ధర మీద 446 ఎక్కువిస్తున్నాడన్నమాట, పన్ను కాక.

"అవి ముందే బిగించేశాం, తీయలేం సార్" అన్నాడు సేల్స్‌మన్. వస్తువు తీయక్కర్లేదు, బిల్లులో అంకె తీస్తే చాలు. ఆ మాట తట్టేలోపే రెండో వల పడింది: "నెలకెంత కట్టగలరు?"

"నాలుగొందల యాభై."

అంతే, ఇక ధర ఊసే లేదు. 30,000 అప్పు, 7 శాతం వడ్డీ. 60 నెలలకైతే వాయిదా 594. దాన్ని 84 నెలలకు సాగదీస్తే 453. మొత్తం మీద దాదాపు 2,400 అదనం.

ఇదంతా ఇంట్లో కాఫీ తాగుతూ తేల్చుకోవాల్సిన పని. నలుగురైదుగురు డీలర్లకు ఒకటే ఈమెయిల్: "అవుట్ ద డోర్, అంటే అన్నీ కలిపి చివరికి కట్టాల్సింది ఎంత? కారు ధర, మీ తగిలింపులు, డాక్ ఫీజు (కాగితాల పనికి డీలరు వేసే ఛార్జీ), రిజిస్ట్రేషన్, టెక్సస్ పన్ను 6.25 శాతం విడివిడిగా రాయండి." అంకెలు రాయకుండా "ఒకసారి షోరూముకు రండి" అన్నవాణ్ని అక్కడే వదిలేయొచ్చు.

మనవాడు సంతకాలు పెడుతూ, అలవాటు చావక, కొసరుగా ఫ్లోర్ మ్యాట్లు అడిగాడు. సేల్స్‌మన్ క్షణం ఆలోచించకుండా ఒప్పుకున్నాడు. అసలు స్టిక్కరులో ఆరో వరుస: ఫ్లోర్ మ్యాట్లు, 269.