ఎగిరిందంటారు, కాగితం చూపరు

రైట్ సోదరులు తొలిసారి విమానం ఎగరేసిన డిసెంబర్ 17 దగ్గరపడితే చాలు, వాట్సాప్‌లో అదే పాత ఫార్వర్డ్ తిరగడం మొదలవుతుంది. వాళ్ల కంటే ఎనిమిదేళ్ల ముందే, 1895లో, బొంబాయి చౌపాటీ దగ్గర శివకర్ బాపూజీ తల్పడే విమానం ఎగరేశాడట, అది 1500 అడుగులు లేచిందట. ఫార్వర్డ్ దగ్గరే ఆగితే నవ్వి ఊరుకునేవాళ్లం. కానీ 2015లో ముంబైలో జరిగిన శాస్త్రవేత్తల మహాసభ సైన్స్ కాంగ్రెస్‌లో ప్రాచీన విమానాల మీద ఏకంగా పేపరే చదివారు, 2017లో సాక్షాత్తూ కేంద్ర సహాయ మంత్రి ఒకరు విద్యార్థులకు తల్పడే సంగతి ఎందుకు చెప్పడం లేదని అడిగారు. మాకు భయమేసేది ఇక్కడే.

వలస పాలనలో మనవాళ్ల ప్రతిభను తొక్కేశారన్న మాటలో నిజం లేకపోలేదు. సరే, కాగితం ఏది? మరాఠీ పత్రిక కేసరిలో వచ్చిందంటారు, ఆ సంచిక మాత్రం బయటికి రాదు. ఈ విమానాలకు మూలమని చూపించే వైమానిక శాస్త్రం అనే సంస్కృత పుస్తకాన్ని 1974లోనే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు పరిశీలించి, అందులోని బొమ్మల్లో ఉన్నవి ఎగరవని, ఆ పుస్తకం 1904కు ముందుది కాదని తేల్చేశారు. 1904 తర్వాతి పుస్తకం 1895 విమానానికి మూలం ఎలా అవుతుందో మాకైతే అర్థం కాలేదు.

పోనీ తెల్లవాళ్లని రైట్ సోదరులను ఎవరైనా ఊరికే నమ్మారా? అమెరికాలోని కిట్టీ హాక్ ఇసుకలో 1903లో వాళ్లు తొలిసారి ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగులు, అంటే రెండు రైలు పెట్టెల పొడవు కూడా కాదు. దానికి ఫొటో ఉంది, నాన్నకు ఇచ్చిన టెలిగ్రాం ఉంది, 1901లో గాలి సొరంగం (విండ్ టన్నెల్) కట్టి సుమారు 200 రకాల రెక్కలు పరీక్షించిన లెక్కలున్నాయి. అయినా విల్బర్ 1908లో ఫ్రాన్స్ వెళ్లి జనం ముందు ఎగిరి చూపించేదాకా యూరప్ నమ్మలేదు!

అసలు ఈ గడ్డ మీద నిజంగా జరిగినవి ఎవరికీ పట్టవు. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్ నుంచి నైనీకి దాదాపు 6500 ఉత్తరాలు విమానంలో వెళ్లాయి. దాన్ని ఫార్వర్డ్ చేసేవాడు లేడు, ఎందుకంటే నడిపింది ఫ్రాన్స్ దేశస్థుడు.

మన తెలుగువాళ్లమూ తక్కువ తినలేదు. 2019లో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్స్‌లర్ రావణుడికి 24 రకాల విమానాలు, లంకలో విమానాశ్రయాలు ఉండేవని సెలవిచ్చారు. ఆధారం లేకుండా పేజీ రాస్తే పీహెచ్‌డీ కుర్రాడి మొహాన కొట్టే చోటు విశ్వవిద్యాలయం, అలాంటి చోట పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లే ఇలా మాట్లాడితే రేపు ఏ విద్యార్థిని ఆధారం అడుగుతారు? ఆ 24 ఎక్కడ లెక్కపెట్టారు సార్?