ఫ్రేముకి ట్యూబు చుట్టమంటున్న ఆ మెసేజీ నమ్మకండి

వానలు మొదలైన దగ్గర్నుంచి మా రాజోలు వైపు ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఒకటే మెసేజీ. "సైకిలు ఫ్రేముకి పాత ట్యూబు బిగుతుగా చుట్టండి, జాయింట్ల దగ్గర వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయండి, జన్మలో తుప్పు పట్టదు. అయినా తుప్పు గోల సముద్రం ఒడ్డు వాళ్లకే, కాలవ నీళ్ల ఊళ్లకి భయం లేదు. దొంగలకి వెనక చక్రం తాళం చాలు, వేరే గొలుసు దండగ. 5 వేల లోపు సైకిలు పోతే కొత్త చట్టంలో కేసే లేదు, స్టేషన్ చుట్టూ తిరక్కండి." కింద మామూలే, పదిమందికి పంపమని. నాకు మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపింది మా మావయ్య, ఆయన్ని గ్రూపులో అందరి ముందూ కాదనలేక ఇలా విడిగా రాస్తున్నా.

ముందు ట్యూబు సంగతి, ఎందుకంటే ఆ తెలివితక్కువ పని నేను చేసి ఉన్నాను. నాన్నగారి పాత 24 సైకిలుకి కొబ్బరికాయల బస్తా తాళ్లు ఒరుసుకుని అడ్డ గొట్టం మీద రంగు పోతోందని, పంక్చర్ షాపులో పాత ట్యూబు అడిగి తెచ్చి, నిలువుగా చీల్చి, విరిగిన చేతికి కట్టు కట్టినట్టు చుట్టి, చివర్లు తీగతో బిగించా. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. రెండు వానాకాలాలు పోయాక హ్యాండిల్ పక్కన ట్యూబు కాస్త ఉబ్బినట్టు అనిపించి బ్లేడుతో కోస్తే, లోపల్నుంచి డికాక్షన్ రంగు నీళ్లు నాలుగు చుక్కలు కారాయి. ట్యూబు లాగుతుంటే దాంతోపాటే నల్ల రంగు పొరలు పొరలుగా ఊడొచ్చింది, అడుగున ఇనుమంతా పొక్కులు, గోటితో గీకితే పెచ్చులు రాలుతున్నాయి. అదే సైకిలుకి అదే వానలో తడిసిన వెనక గొట్టాలు, నేను ఏమీ చుట్టనివి, గుడ్డ పెట్టి తుడిస్తే మెరిశాయి.

ఇందులో మాయేం లేదు. ఇనుము తుప్పు పట్టాలంటే తడీ ఆక్సిజనూ ఉండాలి, ఉప్పు తోడైతే వేగం పెరుగుతుంది. బయట ఉన్న గొట్టం ఎండకీ గాలికీ ఇట్టే ఆరిపోతుంది. చుట్ల సందుల్లోంచి దూరిన నీరు మాత్రం రోజుల తరబడి అక్కడే ఉంటుంది, దాంతోపాటు దూరిన ఇసుక తొక్కినప్పుడల్లా రంగుని అరగదీస్తూ ఉంటుంది. పైగా లోపల ఏం జరుగుతోందో మనకి కనపడదు. చైను కొట్టుకునే చోటో బ్రేకు వైరు ఒరుసుకునే చోటో బెత్తెడు ముక్క వేసుకుంటే తప్పు లేదు, నెలకోసారి విప్పి తుడిచే ఓపిక ఉంటేనే. రంగు పోయిన చోట చేయాల్సింది వేరే: గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, గేట్లకి వేసే రెడ్ ఆక్సైడ్ ఒక పూత, అది ఆరాక పైన ఎనామిల్ పెయింట్. మొత్తం కలిపి ఒక సాయంత్రం పని.

ఇక తుప్పు సముద్రం ఒడ్డు వాళ్లకే అన్న మాట. ఆ మెసేజీ రాసినాయన సఖినేటిపల్లి రేవులో ఎప్పుడూ పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కినట్టు లేదు. నరసాపురం దగ్గర గోదావరి పాయ వశిష్ఠకి పోటూ పాటూ ఉంటాయి, వేసవిలో ఆ నీళ్లు నోట్లో పోసుకుంటే తెలుస్తుంది ఉప్పెంతో. రొయ్యల చెరువుల సంగతి చెప్పనే అక్కర్లేదు, భీమవరం చుట్టూ అయినా మా మలికిపురం వైపయినా, ఏరేటర్లు (చెరువు నీళ్లని చిలికి గాలి కలిపేవి) తిరిగే గట్టు మీద సైకిలు ఆనించి మేత వేసి వచ్చేసరికి సీటు మీద తుంపర. ఆ రోజు ఇంటికొచ్చి బోరు నీళ్లు కాకుండా (మా దగ్గర చాలా బోర్లవీ ఉప్పు నీళ్లే) మంచి నీళ్లు రెండు చెంబులు పోసి తుడిస్తే సరిపోతుంది. అల్యూమినియం ఫ్రేము కొంటే గొడవ వదులుతుంది అనేవాళ్లకి ఒక మాట: దానికి ఎర్ర తుప్పు రాదు కానీ ఉప్పుకి తెల్లగా పొడి పట్టి గుంటలు పడతాయి, అందులో ఇనుప సీటు రాడ్డు గ్రీజు లేకుండా దిగ్గొడితే నాలుగేళ్ల తర్వాత దాన్ని పీకడానికి ఇద్దరు మనుషులు కావాలి.

ఆ మెసేజీలో అసలు లేనిది, ఉండాల్సింది, ఫ్రేము లోపలి సంగతి. వాన నీరు సీటు రాడ్డు పక్క సందులోంచి దిగి పెడల్ ఇరుసు ఉండే గొట్టంలో చేరుతుంది. ఫ్రేము పైకి కొత్తగా కనిపిస్తూనే అక్కడ లోపల్నుంచి తినేస్తుంది. వానాకాలం అయ్యాక సీటు ఊడదీసి సైకిలు తలకిందులు చేయండి, ఎన్ని నీళ్లు వస్తాయో మీరే చూస్తారు. ఒక రోజు అలాగే ఆరనిచ్చి, ఓవరాయిలింగ్ చేయించేటప్పుడు లోపల కాస్త నూనె తిప్పించి, సీటు రాడ్డుకి గ్రీజు రాసి దించమనండి.

ఇంజిన్ ఆయిల్ గురించి ఎక్కువ రాయను. వాడేసిన ఆయిల్లో మసీ ఇనుప రజనూ ఉంటాయి, దానికి దుమ్ము అంటుకుంటే నూరుడు ముద్దే. అది కారి రిమ్ముకి తగిలితే బ్రేకు పట్టదు, గట్టు మీద మలుపులో బ్రేకు పట్టకపోతే నేరుగా కాలవలోకే.

తాళం విషయంలో మాత్రం కోపం వస్తుంది. వెనక చక్రం తాళం దొంగ ఎక్కి తొక్కుకుపోకుండా ఆపుతుంది, అంతే. సైకిలు బరువు ఇంచుమించు 20 కిలోలు, ఇద్దరు పట్టి ట్రాలీ ఆటోలో పడేస్తే తాళంతో సహా పోతుంది. అంతర్వేది తీర్థంలో మా పక్కింటి కుర్రాడిది అలాగే పోయింది, తాళంచెవి ఇప్పటికీ వాడి జేబులోనే ఉంది. గొలుసు ఫ్రేము మధ్య త్రికోణంలోంచి, వెనక చక్రంలోంచి పోయి కదలని దాన్ని చుట్టుకోవాలి. ముందు చక్రానికి ఒక్కదానికే వేస్తే పానాతో రెండు నట్లు విప్పి చక్రం మీకొదిలి మిగతాది పట్టుకుపోతారు. పొట్టి గుంజకి కట్టినా లాభం లేదు, పైనుంచి ఎత్తేస్తారు. కొబ్బరి చెట్టుకైతే ఆ భయం లేదు, కానీ దాన్ని చుట్టేంత గొలుసు కొనుక్కోవాలి. సన్న వైరు తాళాలు కట్టరుకి ఒక్క నొక్కు. గొలుసు వేస్తే ఫ్రేము గీసుకుపోతుందనే కదా బాధ, పాత ట్యూబు వాడాల్సింది ఇక్కడే: చీల్చకుండా ఒక గజం ముక్క కోసి గొలుసుని దాంట్లోకి దూర్చండి.

చివరిది, కేసే లేదన్న మాట. 2024 జులై 1 నుంచి దొంగతనం పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కిందకొస్తుంది, 500 రూపాయల సైకిలయినా దొంగతనం దొంగతనమే. 5 వేల మాట ఎక్కడ్నుంచి వచ్చిందంటే, వస్తువు విలువ అంతకంటే తక్కువై, మొదటిసారి శిక్ష పడేవాడై, వస్తువో దాని విలువో తిరిగిచ్చేస్తే, జైలు కాకుండా సమాజ సేవ చేయిస్తారు. అది దొంగ శిక్షకి సంబంధించిన వెసులుబాటు, దాన్ని మీరు ఫిర్యాదే చేయక్కర్లేదు అని తిప్పి రాశారు. ఫిర్యాదులో "నల్ల సైకిలు" అని రాస్తే ఎవరూ వెతకలేరు నిజమే, అందుకే ఫ్రేము నంబరు కావాలి. సీటు కింద గొట్టం మీదో పెడల్ ఇరుసు గొట్టం అడుగునో చెక్కి ఉంటుంది, మట్టి గీకితే కనపడుతుంది.

మావయ్య సైకిలుది అడుగున ఉంది. మొన్న ఆదివారం బోర్లా తిప్పి, కొబ్బరి పీచుతో రుద్ది, ఇద్దరం కలిసి అంకెలు చదివాం, ఆయన ఫోన్లో ఫొటో కూడా తీసుకున్నారు. ట్యూబు మాత్రం ఇంకా విప్పలేదు.