40 లక్షల్లో ఓ మహాసభ

మన రాష్ట్రంలో అసెంబ్లీకి నిలబడిన మనిషి ప్రచారానికి 40 లక్షల రూపాయలకు మించి ఖర్చు పెట్టకూడదు. 2022లో పెంచిన పరిమితి ఇది. ఈ నిబంధన వింటే నవ్వేవాళ్లే ఎక్కువ. 2024 మే ఉక్కపోతలో విశాఖ కంచరపాలెం వైపు ఒక అభ్యర్థి సభ చూసొచ్చాక మాత్రం నాకు ఆయన మీద భక్తి పుట్టింది.

పేరు చెప్పను. పార్టీ అంతకన్నా చెప్పను. అఫిడవిట్ ప్రకారం ఆయనకు సొంత కారు లేదు. ఇల్లు భార్యది, పొలం అత్తగారిది. అంత బీదాయన వస్తుంటే ముందూ వెనకా ఎవరివో ఏమో, కార్ల బారు కనుచూపు మేర సాగింది. క్రేనుకు వేలాడుతూ యాపిల్ పళ్ల గజమాల దిగింది. జేసీబీల మీంచి బంతిపూలు కుమ్మరించారు. అరకు వైపు నుంచి థింసా ఆడేవాళ్లొచ్చారు, తప్పెటగుళ్ల వాళ్లొచ్చారు, వీళ్లెవరి పాటా వినబడకుండా డీజే వచ్చింది. పైన డ్రోను.

పక్కనున్న పెద్దావిడను ఎక్కడి నుంచమ్మా అనడిగాను.

"పెందుర్తి అవతల బాబూ. ఆటో అంపినారు, వచ్చేసినాం."

"మరి ఈయన మీ అభ్యర్థి కాదు కదా?"

"కాడు. నిన్న మా మీటింగుకి ఈళ్లు వచ్చినారు కదేటి."

ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. జనం కూడా అప్పే అన్నమాట, తీర్చేస్తారు. ఖర్చు తగ్గించడంలో ఇంతకన్నా నేర్పు ఏ వ్యాపారికి తెలుసు?

ఖర్చు మీద నిఘా లేదని ఎవరూ అనుకోవద్దు. టీ దగ్గర్నుంచి బిర్యానీ దాకా, కుర్చీ అద్దె నుంచి షామియానా దాకా ధరల పట్టిక ఉంటుంది. అధికారుల వీడియో బృందం సభను తీస్తుంది, లెక్కల బృందం షాడో రిజిస్టరులో రాసుకుంటుంది, చివర్లో అభ్యర్థి లెక్కతో పోల్చి చూస్తారు. ఆ రోజు కెమెరా ఇటు తిరగ్గానే వెనక వరసల కుర్చీలు మడతపడ్డాయి. నిర్వాహకుడొకాయన నా కుర్చీ కూడా లాగుతూ ఓపిగ్గా వివరించాడు: "కుర్చీకి రేటుంది గురువుగారూ, నిలబడ్డవాడికి లేదు."

చట్టంలో ఇంకో సొగసుంది. పరిమితి అభ్యర్థికే, పార్టీకి లేదు. స్టార్ ప్రచారకుల ప్రయాణ ఖర్చు అభ్యర్థి పద్దులో పడదు. హెలికాప్టర్ పార్టీది, అది లేపిన దుమ్ము నియోజకవర్గానిది.

ప్రసంగం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని 2014 విభజన చట్టం చెప్పిన మెట్రోను ఆయన మళ్లీ తెచ్చారు. 2019 ఫిబ్రవరిలో ప్రకటించిన రైల్వే జోన్‌ను ఇంకోసారి సాధించారు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ప్రాణమిస్తానన్నారు. ఆ ఫ్యాక్టరీ కోసం 1966 ఉద్యమంలో 32 మంది నిజంగానే ఇచ్చేశారు కాబట్టి ఆ ముక్క దగ్గర చప్పట్లు కాస్త పలచబడ్డాయి.

నాకు ఆలోచన తట్టింది కూడా అక్కడే. ఆ ప్లాంటులో నూరు శాతం వాటా వదిలించుకోవడానికి కేంద్రం 2021 జనవరిలో ఒప్పుకుంది. నష్టాలకు పెద్ద కారణం సొంత ఇనుప గనులు లేకపోవడమని కార్మిక సంఘాలు మొత్తుకుంటూనే ఉన్నాయి. మన అభ్యర్థికి మాత్రం గనులున్నాయా? గనుల సంగతి దేవుడెరుగు, స్కూటరైనా లేదు. అయినా సభలూ ర్యాలీలూ గజమాలలూ అన్నీ కలిపి 40 లక్షల్లోపే నడిపించి, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పి, బహుశా అందులో కొంత మిగుల్చుకుంటారు కూడా. ముడిసరుకు లేకుండా ఇంత ఉత్పత్తి తీసే మనిషి మన ఊళ్లోనే ఉండగా ప్లాంటును ఎవరికో అమ్మడమేమిటి?

అందుకే ఆయనకు ఓటు వెయ్యదలచుకోలేదు. అలాంటివాణ్ని అసెంబ్లీకి పంపి పాడు చేసుకోవడానికి మనసొప్పడం లేదు. ప్లాంటు పెద్ద పదవికి ఆయన తరఫున దరఖాస్తు నేనే రాస్తున్నాను. అనుభవం దగ్గర సభ వర్ణన రాశాను. సొంత వాహనం దగ్గర 'లేదు' అని రాశాను. ఆశించే జీతం గడి మాత్రం ఖాళీగా వదిలాను. ఆయన ఎలాగూ దాని మీద బతికే మనిషి కాదు.